రెండు కార్ల అన్సర్

తనకు రెండు కార్లున్నాయన్న సంగతి అన్సర్‌కు ప్రొద్దుటూరు ఆస్పత్రిలో తెలిసింది.

ఒకటి ఉందని ముందే తెలుసు. బత్తాయిని చీనీ అనే పులివెందులలో, చీనీ తోటల నారాయణ దగ్గర పాత జీపుతో మొదలుపెట్టి, ఆ ఇంటికి వచ్చిన ప్రతి బండీ తోలి, అక్కడే తల నెరిపించుకున్న మనిషి అన్సర్. నారాయణ ఇప్పుడు తిరిగే తెల్ల స్కార్పియో కాగితాల మీద షేక్ అన్సర్‌ది. అది కొన్న రోజు నారాయణ అతని భుజమ్మీద చెయ్యేసి చెప్పాడు.

"నా పేరు మీద ఇప్పటికే శానా ఉండాయిరా. ఇంకోటి ఎక్కిస్తే ట్యాక్సోళ్లు వచ్చి మా వసారాలోనే కాపరం పెడతారు. నీ పేరు మీద పెడతాండా. మా తమ్మునికన్నా నిన్నే ఎక్కువ నమ్ముతా."

తమ్ముడితో నారాయణకు మాటల్లేవు కాబట్టి అదేమంత పెద్ద పొగడ్త కాదు. అయినా అన్సర్ కొన్నాళ్లపాటు మీసం దువ్వుకుంటూనే తిరిగాడు.

ఆయాసం ఎప్పుడు మొదలైందో అతనికే సరిగ్గా తెలీదు. మిద్దె మెట్లెక్కితే రొప్పు వచ్చేది. వయసులే అనుకున్నాడు. పడుకుంటే గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండేది. రాత్రి తిన్న బిర్యానీ అనుకున్నాడు. అతని భార్య తస్లీమా మాత్రం ఒకరోజు వాకిట్లో నిలబడి, మొగుడు స్టూలు వేసుకుని కూర్చుని కారు కడగడం చూసింది. కారు అద్దానికి ఇంకొకరి చెయ్యి తగిలినా ఊరుకోని మనిషి, సగం కడిగి బకెట్టు పక్కన పెట్టి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆమె చీపురు అక్కడే పడేసింది.

"పా, ప్రొద్దుటూరు పోదాం."

"నారాయణన్న కడపకు పోవల్లన్నాడే."

"మీ అన్నకు కాళ్లుండాయి, బస్సులుండాయి. పా."

తస్లీమా పుట్టిల్లు ప్రొద్దుటూరు. అక్కడి గుండె డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. స్కానింగు తెర మీద వేలు పెట్టి చూపిస్తూ, "ఇదొక తలుపు లాంటిదండీ. సరిగా మూసుకోవడం లేదు. ముందుకెళ్లాల్సిన రక్తం కొంత వెనక్కి వచ్చేస్తోంది" అంది.

అన్సర్ తెరను కాసేపు శ్రద్ధగా చూశాడు.

"వాల్వు లీకైనట్టా మేడం?"

"అచ్చంగా అదే."

"మారిస్తే సరిపోతాదా? ఇంజను బోరుకైతే రాలేదు కదా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంజను బాగానే ఉందండీ. కానీ ఆలస్యం చేస్తే దానికే వస్తుంది" అని, నవ్వు ముఖంలోంచి పోకముందే ఆ మాట గట్టిగా రెండోసారి చెప్పింది. బరువులెత్తొద్దు, బండి తోలొద్దు, ఈ మాత్రలు మానొద్దు.

ఆపరేషను తిరుపతిలో. సర్కారు ఆరోగ్య కార్డు ఉంది కాబట్టి చేతి నుంచి పైసా పెట్టక్కర్లేదు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కార్డు నంబరు కొట్టి చూసి, "బాగుందండీ, నడుస్తోంది" అని కూడా చెప్పింది. అయితే ఒక్క మెలిక. గుండెలో కొత్త వాల్వు పెట్టేముందు నోట్లో పుచ్చు పళ్లు ఉండకూడదట. అన్సర్‌కు వెనక దవడలో ఒకటుంది. ముందు అది పీకించుకుని, మానాక రమ్మన్నారు.

ఆ కబురు విని అన్సర్ బయట బెంచీ మీద కూర్చుని, స్కానింగు జిగురు అంటిన ఛాతీ మీద చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఫోను మోగింది. నారాయణ.

"రేయ్ అన్సరూ, నీ ఫోనుకు ఏందో నంబరొచ్చింటాది, చెప్పు."

"ఏం నంబరన్నా?"

"ఓటీపీ రా. తొందరగా చెప్పు, టైమైపోతాది."

స్కార్పియో ఇన్సూరెన్సుకేమో అనుకుని అన్సర్ ఆ అంకెలు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. "సరేలే" అని ఫోను పెట్టేశాడు నారాయణ. ఆస్పత్రిలో ఉన్నానని చెబుదామని తెరిచిన నోరు అన్సర్ అట్లాగే మూసుకున్నాడు.

పన్ను పీకినాయన మొరటు చెయ్యి. బుగ్గ బన్నులా ఉబ్బింది. అది దిగి, నోరు మానేదాకా అన్సర్ అంబలి తాగి బతికాడు. చివరికి భార్యను వెంటబెట్టుకుని, "గుండెకు రోగమొస్తే పన్ను పీకే ఊరు ఇదొక్కటే" అని గొణుక్కుంటూ మళ్లీ ప్రొద్దుటూరు కౌంటరు ముందు నిలబడ్డాడు.

అమ్మాయి నంబరు కొట్టింది. కొట్టి, మళ్లీ కొట్టింది.

"మీ కార్డు తీసేశారండీ."

"ఎవరు తీసేసినారు? మొన్ననే కదా బాగుందంటివి."

"అప్పుడు బాగుంది. ఒక కారుంటే ఫరవాలేదు. మీకు రెండున్నాయి కదా? రెండోది ఈమధ్యే ఎక్కింది." అమ్మాయి తెర మీదకు వంగింది. "ఎర్రది."

తస్లీమా మెల్లగా మొగుడి వైపు తిరిగింది. గుండె, వాల్వు, తిరుపతి అన్నీ ఆ క్షణానికి మరిచిపోయింది.

"ఎర్ర కారు ఎవురికి కొనిస్తివి?"

"తస్లీమా, అల్లా మీద ఒట్టు..."

"ఎవురికి?"

కౌంటరు ముందు వరుసలో నిలబడ్డవాళ్లంతా చెవులు నిక్కించారు. అన్సర్‌కు చెమటలు పట్టాయి. ఎర్ర కారు, ఎర్ర కారు అని లోపల వెతుక్కున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నారాయణ కొడుకు హర్ష జమ్మలమడుగు నుంచి గండికోట పోయే దారిలో, కోట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం రిసార్టు పెట్టాడు. పోయిన నెల నుంచి ఒక కొత్త ఎర్ర కారులో తిరుగుతున్నాడు. ఆ ఓటీపీ దేనికో అన్సర్‌కు ఇప్పుడు అర్థమైంది. తన గుండెకు రోగముందని తెర మీద తేలిన రోజే, ఆ బెంచీ మీద కూర్చునే, తన నోటితోనే రెండో కారుకు ఓనరైపోయాడు.

సంగతి విని కౌంటరు అమ్మాయి జాలిపడింది. పేరు మార్పించుకుని వార్డు సచివాలయంలో అర్జీ పెడితే కార్డు తిరిగి వస్తుందని చెప్పింది. డాక్టరమ్మ మాత్రలు పెంచి, "ఎక్కువ రోజులు ఆగకండి" అంది. ఈసారి నవ్వలేదు.

అడిగితే అయిపోయే పని. కానీ అన్సర్‌కు నారాయణను ఏదైనా అడగడం రాదు. తనకంటూ ఏమీ అడగకపోవడమే తన మర్యాద అని ఇన్నేళ్లూ అనుకున్నాడు. బండి తోలొద్దన్న మాట కూడా మింగేసి, తోలుతూ తోలుతూ మాటలు కూర్చుకునేవాడు. 'అన్నా, ఆ రెండు బండ్లూ నీ పేరు మీదికి మార్చుకో' అని. అద్దంలో వెనక సీట్లో నారాయణ ముఖం కనపడగానే గేరు మార్చి దారి వైపు చూసేవాడు. ఒకరోజు తెగించి చెప్పాడు.

నారాయణ చెడ్డవాడు కాదు. విని నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో, ముందే చెప్పకూడదా రా? మార్పిద్దాంలే" అని, ఇంటికి పోయేటప్పుడు ఒక సంచి చీనీకాయలు పెట్టించాడు. "రసం తాగు, బలం."

వారం పోయింది. అన్సర్ మళ్లీ గుర్తుచేశాడు. "హర్ష ఊర్లో లేడురా, రానీ" అని ఇంకో సంచి ఇచ్చాడు. మూడోసారి, "నీ ఆపరేషను నేనే చేయిస్తా పో, కార్డెందుకు? తోట కోత కానీ, దుడ్లు చేతికొస్తాయి" అని పెద్ద సంచే ఇచ్చాడు. తస్లీమా ఆ వీధిలో ప్రతి ఇంటికీ చీనీకాయలు పంచింది. పంచగా మిగిలినవి పిండి పిండి, చేతుల వాసన పోక, చివరికి ఒకరోజు సంచి వాకిట్లో దభీమని పడేసింది.

"తోట కోత కానీ అంటాండాడు మీ అన్న. ఆయన కోత అయ్యేలోపల నీకు కోత పడకపోతే ఏమైతాదో డాక్టరమ్మ చెప్పింది కదా?"

"అన్న మాటిచ్చినాడు."

"మాట ఇచ్చినాడు, కాయలిచ్చినాడు. పేరొక్కటి ఇయ్యలా." ఆమె కొంగు దోపుకుంది. "రెండు కార్లోళ్లమంట మనం. సర్కారే చెప్తాంది. సరే, ఆ రెండు కార్లూ యాడుండాయో సూసొద్దాం పా."

అన్సర్ తమాషా అనుకున్నాడు. మర్నాడు పొద్దున వేంపల్లె నుంచి బామ్మర్ది ముబారక్ దిగాక గానీ అది తమాషా కాదని తెలీలేదు. ముబారక్ వేంపల్లె, పులివెందుల మధ్య షేరాటో తోలుతాడు. ఆటో బస్టాండులో పెట్టి వచ్చాడు. స్కార్పియో తాళాలు ఎప్పుడూ అన్సర్ ఇంట్లో మేకుకే ఉంటాయి. తస్లీమా తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"అన్నతో ఒక మాట చెప్పి..." అన్నాడు అన్సర్.

"నీ బండి నువ్వు తీసకపోయేదానికి ఎవురికి చెప్పల్ల? ఎక్కు. ముందర కాదు, వెనక."

ఇన్నేళ్లలో అన్సర్ ఆ బండి వెనక సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చుంటే తెలిసింది, ఏసీ గాలి అక్కడికి సరిగ్గా రాదని. గుంతలో పడ్డప్పుడల్లా సీటు కింద ఏదో కిర్రుమంటోంది. ఇన్నాళ్లూ అన్న ఈ కిర్రు వింటూనే కూర్చున్నాడా? ఒక్కమాటా అనలేదే! బండి ఆపించి నట్టు బిగిద్దామని చెయ్యి దురద పుట్టింది. అంతలోనే ఆయాసం వచ్చి వెనక్కి వాలాడు.

ముబారక్ మంచి డ్రైవరే. చేతికి పట్టిన అలవాటే వదల్లేదు. ముద్దనూరు దారిలో రోడ్డు పక్కన మనిషి నిలబడితే చాలు, బండి దానంతటదే నెమ్మదించేది. అద్దం దించి, "ముద్దనూరు, ముద్దనూరు" అని కేకేసి, నాలిక కరుచుకునేవాడు. మూడోసారి ఆపినచోట ఒక ముసలాయన, ముసలామె మూటతో నిలబడి ఉన్నారు. ఇంత పెద్ద బండి తమ కోసం ఆగిందంటే నమ్మక వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"ఎక్కండి అవ్వా" అంది తస్లీమా.

"చార్జీ ఎంత నాయనా?" అన్నాడు ముసలాయన.

"చార్జీ లేదు తాతా" అంది తస్లీమానే. "మాకు రెండు కార్లుండాయి."

అన్సర్‌కు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వాడు. ముసలామె మూట విప్పి గుప్పెడు వేరుశనక్కాయలు అతని చేతిలో పోసింది.

ముసలివాళ్లను ముద్దనూరులో దించి ఊరు దాటుతుండగా అన్సర్ ఫోను మోగింది. తెర మీద 'అన్న' అని చూసి అన్సర్ సీట్లో నిటారుగా లేచి కూర్చున్నాడు. తస్లీమా ఫోను లాక్కుంది.

"రేయ్, బండేదిరా? మీ వాకిట్లో కూడా లేదంట!"

"నేను తస్లీమానన్నా. బండి ఓనరు వెనక సీట్లో పండుకోనుండాడు. లేసినాక చెప్తా."

నారాయణ గొంతు తగ్గించాడు.

"యాడికి పోతాండారమ్మా?"

"మా రెండో కారు కాడికన్నా. జమ్మలమడుగుకు."

హర్ష రిసార్టు ముందర బెంగళూరు నుంచి వచ్చిన యాత్రికులు ఫొటోలు దిగుతున్నారు. ఎర్ర కారు గేటు పక్కనే తళతళలాడుతోంది. స్కార్పియో ఆగడం చూసి నాన్న వచ్చాడనుకుని హర్ష పరుగున వచ్చాడు. వెనక తలుపు తెరుచుకుని అన్సర్ దిగేసరికి ఆగిపోయాడు.

"మామా! నువ్వేంది ఇట్ల?"

హర్షను బడికి దించింది అన్సరే. స్టీరింగు పట్టడం నేర్పిందీ అన్సరే. ఒకసారి చెరుకు తోటలోకి జీపు దూకిస్తే, తానే దూకించానని నారాయణ దగ్గర తిట్లు తిన్నదీ అతనే. ఆ పిల్లవాడి ముందు ఏం మాట్లాడాలో తెలీక అన్సర్ చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ కారు తాళాలియ్యి నాయనా" అంది తస్లీమా. "తీసకపోతాం."

"ఏ కారు అత్తా?"

"మాది. ఎర్రది."

హర్ష నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు మెల్లగా దిగింది. ఫొటోలు దిగేవాళ్లు ఇటు తిరిగారు. వాళ్ల ముందు చిన్నతనమైందేమో, హర్ష గొంతు పెంచాడు. "ఏంది అత్తా ఈ రగడ? నాయన దుడ్లు పెట్టి కొన్న కారు. పేరు ఎవురిదైతే ఏంది?"

"ఆ మాట సర్కారుకు చెప్పు. పేరుంటే చాలంటాంది."

తస్లీమా పోయి ఎర్ర కారు ముందు బైఠాయించింది. ముబారక్ ఆమె పక్కన. హర్ష విసురుగా ఫోను తీసి స్టేషనుకే చేశాడు.

హెడ్ కానిస్టేబుల్ బైకు మీద వచ్చాడు. ఎండకు మండిపోతూ వచ్చాడు కాబట్టి ఎవరి మాటా పూర్తిగా వినలేదు. కారు నంబరు ఫోనులో కొట్టి, పేరు గట్టిగా చదివాడు.

"షేక్ అన్సర్. ఎవురప్పా?"

అన్సర్ బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు.

"ఆ తెల్లదీ నీ పేరు మీదే ఉండాదే." హెడ్డు చూపులో ఏదో మారింది. చొక్కా కాలరు చిరిగినా, రెండు కార్ల మనిషి. "మీరు చెప్పండి సార్. ఈ కారు మీదేనా, ఆ అబ్బాయిదా? మీదంటే తీసకపోండి, మాకేం అభ్యంతరం లేదు."

సార్ అని తనను ఎవరూ అనలేదు ఇంతవరకూ. తస్లీమా కళ్లతోనే చెబుతోంది, అను, మాదే అను. హర్ష ముఖం పాలిపోయింది. అన్సర్‌కు గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. లీకవుతున్న వాల్వు చప్పుడు తనకే వినపడుతున్నట్టుంది. ఒక్కమాట చాలు. కానీ ఆ మాట నాలిక మీదకు రాలేదు, భయానికి కాదు. అది నిజం కాదు కాబట్టి రాలేదు.

"కారు వాళ్లదే సార్" అన్నాడు. "వాళ్ల దుడ్లతోనే కొన్నారు. పేరొక్కటే నాది. నా పేరు నాకిచ్చేయమనండి. నాకింకేమీ వద్దు."

చెప్పేసరికి ఊపిరి అందలేదు. ముందుకు తూలాడు. హెడ్డు ఒకవైపు, హర్ష ఒకవైపు పట్టుకుని గేటు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పెదాలు కాస్త నీలంగా తిరిగాయి. హర్ష నీళ్ల గ్లాసు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏమైంది మామా? ఏమైంది అత్తా మామకు?"

తస్లీమా చెప్పింది. కోపంగా మొదలుపెట్టి, తిరుపతి మాట దగ్గరికొచ్చేసరికి ఏడ్చేసింది. మొగుడి జబ్బు బయటపడ్డాక ఆమె ఏడవడం అదే మొదలు.

"నాయన నాకేం చెప్పలేదే" అన్నాడు హర్ష. ఆ మాటనే రెండుమూడు సార్లు అన్నాడు. ఇంతకుముందు నవ్వినందుకో, పోలీసును పిలిచినందుకో సిగ్గుపడి, అతను అన్సర్ చెయ్యి వదల్లేదు.

నారాయణ వచ్చేసరికి అందరూ రిసార్టు వంటవాడు చేసిన టీ తాగుతున్నారు. ఆయన వచ్చిన తీరు చూసి ముబారక్‌కు టీ పొలమారింది. ఇంట్లో వేరే బండి తోలేవాళ్లు లేక, జమ్మలమడుగు వైపు పోయే చీనీకాయల టెంపో ఎక్కి, డ్రైవరు పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని వచ్చాడు. ఆయన పక్కన కిటికీ దగ్గర భార్య శ్యామలమ్మ. ఫోనులో తస్లీమా మాటలు ఆమె వినిందట. దారంతా ఏమేం అడిగిందో, ఆయనేం చెప్పాడో, దిగేటప్పటికి నారాయణ ముఖం పిండేసిన చీనీకాయలా ఉంది.

తిట్టడానికి నోరు తెరిచాడు. హర్ష అడ్డొచ్చాడు.

"మామ పోలీసాయన ముందర కారు మనదేనని చెప్పినాడు నాయనా. తనదని చెప్పుంటే మనం ఏం చేస్తాంటిమి?"

నారాయణ పోయి అన్సర్ కుర్చీ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇంత ఉండాదని నేననుకోలేదురా" అన్నాడు చివరికి. "నువ్వు ఎప్పుడూ ఏం కాలేదన్నట్టే చెప్తావు."

"నేను సరిగా చెప్పలేదేమోలే అన్నా" అన్నాడు అన్సర్.

"ఆయప్ప సరిగానే చెప్పినాడు, నీకే వినపడలా" అంది శ్యామలమ్మ. "ఎర్రది నా పేరు మీద పెట్టు. తెల్లది నీ పేరు మీద పెట్టుకో. ట్యాక్సోళ్లొస్తే వసారాలో చాప నేనేస్తా, కాఫీ నేనిస్తా. ఇంత మీసం పెట్టుకుని ఇంకొకరి పేరెనక దాక్కునేదేంది?"

హెడ్ కానిస్టేబుల్ ఇక తనతో పనిలేదని గ్రహించి, టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

ప్రొద్దుటూరులో బండ్ల ఆఫీసుకు ఆ పొద్దే పోవాలని శ్యామలమ్మ పట్టుబట్టింది. తెల్ల బండి ఎవరు తోలాలన్నది తేలకముందే నారాయణ డ్రైవరు సీటెక్కాడు. ఎందుకెక్కాడో ఆయనకే తెలియాలి. ఆయన స్టీరింగు పట్టి ఎన్నేళ్లయిందో! జమ్మలమడుగు బజారులో మూడుసార్లు ఇంజను ఆగింది. వెనక ఎర్ర కారులో హర్ష, ముబారక్ హారను కొట్టీ కొట్టీ నవ్వుకుంటున్నారు.

"క్లచ్చి అన్నా, క్లచ్చి!" అన్నాడు వెనక సీట్లోంచి అన్సర్. "సెకండు గేరెయ్యి. లారీ వస్తాంది, ఎడమకు... ఎడమకన్నా!"

"నన్ను తోలనిస్తావా లేదా?"

"తోలన్నా, తోలు. హ్యాండ్‌బ్రేకు తీసి తోలు."

తస్లీమా, శ్యామలమ్మ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, స్నేహంతో కాదు, ప్రాణభయంతో.

పని ఒక్కరోజులో అయిపోలేదు. ఆ రోజు సర్వరు లేదు, మర్నాడు ఆఫీసరు లేడు. పేర్లు మారాక కూడా సచివాలయంలో పెట్టిన అర్జీ పైకి పోయి, కిందికి వచ్చి, మళ్లీ పైకి పోయింది. ఈ లోపల అన్సర్‌కు ఒకసారి బాగా ముంచుకొచ్చింది. ఒంట్లో నీరు చేరి, పడుకోలేక, కూర్చోలేక, ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఖాజీపేటలో కాపురముంటున్న కూతురు సమీరా వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ రోజుల్లో తస్లీమా ఎవరితోనూ పరిహాసాలాడలేదు. నారాయణ రోజూ వచ్చేవాడు. గది బయటే నిలబడి, అద్దంలోంచి చూసి, ఏమీ మాట్లాడకుండా పోయేవాడు. కాయలు తేలేదు. సచివాలయానికి, ఆ పైన ఎక్కడెక్కడికో ఆయనే తిరిగాడు. తన పనికి కూడా ఎప్పుడూ వరుసలో నిలబడని మనిషి వరుసల్లో నిలబడ్డాడని ముబారక్ తర్వాత చెప్పాడు.

కార్డు తిరిగి వచ్చిందని కౌంటరు అమ్మాయి తనే పైకి వచ్చి చెప్పింది. "ఇప్పుడు మీకు ఒక్క కారు కూడా లేదండీ" అంది సంతోషంగా. ఒక మనిషికి ఆ మాట చెప్పి అంత మెప్పు పొందిన అమ్మాయి ఇంకొకరు ఉండరు. తస్లీమా ఆమె బుగ్గలు రెండూ పుణికి ముద్దు పెట్టుకుంది.

తిరుపతిలో ఆపరేషను బాగానే జరిగింది. పెట్టింది లోహపు వాల్వు. ఇక జీవితాంతం రక్తం పలచనయ్యే మాత్ర వేసుకోవాలి, గడ్డం గీసుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఇంటికొచ్చాక నారాయణ చూడ్డానికి వచ్చాడు. మళ్లీ పనిలోకి ఎప్పుడొస్తావని అడుగుదామని వచ్చి, అడగలేక కూర్చున్నాడు. అన్సరే చెప్పాడు.

"ఒంట్లో బాగైనాక చూస్తానన్నా. వస్తే మటుకు, పొద్దుమునిగేలోపల ఇంటికి పోతా. దానికి నువ్వు ఒప్పుకోవల్ల."

అది అన్సర్ తన కోసం నారాయణకు పెట్టిన మొదటి షరతు. పెట్టాక తనే ఆశ్చర్యపోయి తస్లీమా వైపు చూశాడు. ఆమె వక్క కొరుకుతూ ఎటో చూస్తోంది.

"సరేలేరా" అన్నాడు నారాయణ. "ఒప్పుకోక ఏం చేస్తా?"

కొత్త వాల్వుతో ఒక్కటే చిక్కు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అది టిక్ టిక్‌మని వినపడుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరూ చెరో మంచమ్మీద నడుం వాలిస్తే, ఫ్యాను చప్పుడు మధ్య అది సన్నగా, ఒకే తూకంలో కొట్టుకునేది. అన్సర్‌కు సిగ్గుగా ఉండేది.

"నీకు నిద్ర పడతాందా ఈ చప్పుడుకు?"

"మొదట్లో పడలా" అంది తస్లీమా కళ్లు తెరవకుండానే. "నిన్న నువ్వు మసీదుకు పోయినప్పుడు ఇంట్లో ఏ చప్పుడూ లేదు సూడు, అప్పుడు అస్సలు పడలా."

అన్సర్ ఏదో చెప్పబోయాడు.

"మాట్లాడకుండా పండుకో. సాయంత్రం సమీరా వస్తాంది, చేపలు తేవల్ల."